పని పోయినవాని పేరు



ఒక ఊరి ప్రక్కనున్న ఫ్యాక్టరీలో పదిమంది పనివారిని తీసివేసిరని అనుకొందము. సాయంకాలమునకు ఆ వార్త ఊరంతటికి తెలియును. మరునాటి ఉదయమునకు దానికి ఒక కారణము తోడగును. "ఊరకనే తీసివేయుదురా? ఏదో చేసియుండును" అని ఒకరందురు. మధ్యాహ్నమునకు ఆ 'ఏదో' త్రాగుడగును, రాత్రికి దొంగతనమగును. ఈ మాట మోసినవారిలో అబద్ధమాడవలెనని బయలుదేరినవాడు ఒక్కడును లేడు. ప్రతివాడును తాను విన్నదే చెప్పెను. మన ప్రశ్న ఇక్కడనే పుట్టుచున్నది. తాను నిజమని నమ్మిన సంగతిని విచారింపకయే మరియొకనికి చెప్పినవాడు దోషియా, కాడా?

కాడనుటకు చాలమంది సిద్ధముగా నుందురు. మోసగించు తలంపు లేనప్పుడు పాపమెక్కడిది అని వారి వాదము. అయితే నిర్గమకాండము 23వ అధ్యాయపు మొదటి వచనములో లేని వార్తను గూర్చిన ఆజ్ఞ కలదు గదా. అచ్చట హెబ్రీ భాషలో వాడబడిన క్రియకు ఎత్తుట, మోయుట అను అర్థములు కలవు. పుట్టించినవాడే గాక మోసినవాడును ఆ ఆజ్ఞ క్రిందికి వచ్చుచున్నాడు. మోయువానికి మూటలో ఏమున్నదో తెలియదనుట నిజమే. విప్పి చూడకుండ ఎందుకు ఎత్తితివని అతనిని అడుగవచ్చును.

పని ఎందుకు పోవునో కొంచెము చూతము. 2008 సెప్టెంబరు 15వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను పెద్ద బ్యాంకు దివాలా తీసెను. అది 1850లో స్థాపింపబడినది. మన పల్లెలలో దాని పేరు విన్నవారే అరుదు. అయినను, అప్పు పుట్టక, కొనువారు లేక, దేశదేశముల ఆర్డర్లు ఆగిపోవుచుండగా, సూరతులో వజ్రములకు సానపట్టువారు పని లేక ఇండ్లకు మరలిరి. దుబాయిలో సగము లేచిన కట్టడములు అట్లే నిలిచిపోయెను. కరీంనగరు, నిజామాబాదు జిల్లాలనుండి అక్కడికి పోయిన మనవారిలో అనేకులు ఖాళీ చేతులతో తిరిగివచ్చిరి. ఆ సంవత్సరము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, మూడు నెలలలో, మన దేశమున సుమారు 5 లక్షల మందికి పని పోయినదని కేంద్ర ప్రభుత్వపు లేబర్ బ్యూరో లెక్క కట్టెను. ఈ 5 లక్షల మందియు ఆ మూడు నెలలలోనే త్రాగుబోతులును దొంగలును అయిరా?

కారణము దూరమున నుండి కంటికి కనబడనప్పుడు మనము దగ్గరనున్న మనుష్యునిలో కారణము వెదకుదుము. యోబు స్నేహితులు చేసినది ఇదే. ఏడు దినములు నోరు తెరువక అతనితో నేలమీద కూర్చున్నంతసేపు వారు మంచి స్నేహితులే. కారణము చెప్పుటకు మొదలుపెట్టినప్పుడు చెడిపోయిరి. ఇట్లు వెదకుటలో మనకు ఒక రహస్యమైన ఆదరణయు కలదని నాకు తోచుచున్నది. అతడు తప్పు చేసినందువలన పని పోయెనంటే, తప్పు చేయని నా పని పోదు గదా! పొరుగువాని పేరును ఖర్చుపెట్టి మన భయమును చల్లార్చుకొనుచున్నాము.

లోకపు చట్టము ఈ విషయమున మనకంటె జాగ్రత్తగా నడిచినది. ఏడు దశాబ్దములకు పైగా మన దేశమున నడచిన 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, రిట్రెంచ్‌మెంటు అనగా క్రమశిక్షణ చర్యగా విధించిన శిక్ష కాని తొలగింపు అని స్పష్టముగా నిర్వచించినది. అంతేకాదు, ఒక తరగతి పనివారిలో మామూలుగా చివర చేరినవానినే ముందుగా తీసివేయవలెనని నియమము పెట్టినది. అనగా ఆ పడుచువాడు ఇంటికి వచ్చినది చెడ్డవాడై కాదు, క్రొత్తవాడై! సంవత్సరము నిండ పనిచేసినవానికి ఒక నెల నోటీసుగాని ఆ నెల జీతముగాని, పనిచేసిన ఒక్కొక్క సంవత్సరమునకు 15 దినముల సగటు జీతమును ఇయ్యవలెననియు అందులోనే యుండెను. లే ఆఫ్ వేరు, లాకౌటు వేరు, శాశ్వతముగా మూసివేయుట వేరు. ఒక్కొక్కదానికి పనివాని హక్కు మారును. రచ్చబండ దగ్గర మాత్రము అన్నిటికి ఒకటే మాట: "పంపించేశారు."

పేరు పోయినందున ఏమి నష్టమని అడుగువారు కిరాణా కొట్టు దగ్గర ఒక గంట నిలువవలెను. జీతము లేని ఇంటికి నడుచునది అరువు మీదనే. అరువు పుట్టునది పేరు మీదనే. దొంగతనము మాట కొట్టువాని చెవిని పడిన దినమున ఖాతా ఆగిపోవును. వేరొక పనికి పోదమన్నను మేస్త్రీ ముందే విని యుండును. కుదిరిన పెండ్లి మాటలు మెల్లగా వెనుకకు పోవును. యజమాని ఉద్యోగము మాత్రమే తీసికొనెను. మిగిలినవి మనము తీసికొంటిమి.

దావీదు వంటివాడే ఈ తప్పు చేసెను. సమూయేలు రెండవ గ్రంథము 16వ అధ్యాయము చూడుడి. అబ్షాలోమునకు భయపడి రాజు యెరూషలేము విడిచి పోవుచుండగా సీబా గాడిదలతోను రొట్టెలతోను ద్రాక్షారసముతోను ఎదురు వచ్చెను. నీ యజమానుని కుమారుడెక్కడ అని రాజు అడుగగా, రాజ్యము తనకు వచ్చునని మెఫీబోషెతు పట్టణములోనే నిలిచెనని చెప్పెను. అలసి ఆకలిగొన్న రాజు, రొట్టెతోకూడ వచ్చిన మాటను నమ్మి, ఆ కుంటివాని ఆస్తియంతయు అక్కడికక్కడే సీబాకు ఇచ్చివేసెను. తరువాత 19వ అధ్యాయములో, రాజు వెళ్లినది మొదలు కాళ్లు బాగుచేసికొనక, గడ్డము కత్తిరించుకొనక, బట్టలు ఉదుకుకొనక దుఃఖించిన మెఫీబోషెతు ఎదుట నిలిచి, తన పనివాడే తన్ను మోసగించెనని చెప్పినప్పుడు, రాజు ఏమి చేసెను? భూమిని మీరిద్దరు పంచుకొనుడనెను. పూర్తిగా ఇచ్చినదానిలో సగము మాత్రమే వెనుకకు మరలినది.

ఇచ్చట ఒక భేదము చెప్పక తప్పదు. ఫ్యాక్టరీ గేటు వద్ద నిలిచి రేపు ఎవరి పేరు వచ్చునో అని గుసగుసలాడు పనివారిని నేను నిందింపలేను. కార్యాలయమువారు నోటీసు అంటింపక, నోరు విప్పక యున్నప్పుడు ఆ గుసగుసయే వారి వార్తాపత్రిక. అక్కడ మౌనము వహించిన పెద్దలదే మొదటి తప్పు. వారు తమ భోజనమును గూర్చి భయపడుచున్నారు. నిండిన గాదె ప్రక్కన కూర్చుండి ఎదుటివాని భోజనమును గూర్చి మాటలాడు మన సంగతి వేరు.

మంచి వార్తలును ఉండును. "వచ్చే సోమవారము మిల్లు తెరుతురట" అని దయతో చెప్పుదుము. ఆ మాట నమ్మి ఒకడు దొరికిన కూలి వదలుకొని కూర్చుండును. కాగజ్‌నగరములోని సిర్పూరు కాగితపు మిల్లు 2014లో ఆగి 2018లో చేతులు మారి మరల తెరువబడెను. భీమునిపట్నము దగ్గర చిట్టివలస జనపనార మిల్లుకు 2009లో లాకౌటు పడగా ఏండ్లు గడచినను గేటు తెరువబడలేదు. మూసిన గేటు ముందు నిలిచినవానికి తనది ఈ రెండింటిలో ఏదో తెలియుట ఎట్లు? 'అట' అని చెప్పిన మనకును తెలియదు.

మన సంఘములలో ఇంకొక త్రోవయు కలదు, చెప్పుటకు కొంచెము సిగ్గే. "ఫలానా సహోదరుని కొరకు ప్రార్థించండి, డబ్బు విషయములో ఏదో జరిగిందట" అని ప్రార్థనకూటములో మెల్లగా చెప్పుదుము. సెల్‌ఫోనులో పంపునప్పుడు క్రింద చేతులు జోడించిన బొమ్మ పెట్టుదుము. ఆ సహోదరుడు ఆ కూటములో నుండడు.

అయితే అతడు నిజముగానే దొంగిలించి యున్న యెడల? అది తేల్చుటకు ఆరోపణ పత్రము, విచారణ, అతని జవాబు అనునవి యున్నవి. ఆ కాగితములు అతని ఇంటనే యుండును, తరచుగా ఇంగ్లీషులో. చదువరాని తండ్రి వానిని బైబిలు మధ్య మడిచి దాచుకొనును. మన యౌవనస్థులలో ఎవరైనను పోయి కూర్చుండి చదివిపెట్టినయెడల, తీసివేసిన కారణమును, రావలసిన పైకమును రెండును అందులోనే కనబడవచ్చును. స్త్రీల సమాజమువారు కూర్చు పిడికెడు బియ్యము కూడ అదే సంచిలో పోవచ్చును.

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు సంతవీధిలో నిలిచియున్నవారిని గూర్చి మరియెవరిని అడుగలేదు. దినమంతయు ఊరకనే ఎందుకున్నారని వారినే అడిగెను. మమ్మును ఎవరును కూలికి పెట్టుకొనలేదని వారు చెప్పిరి. ఆయన ఆ జవాబును తీసికొని, వారిని తోటలోనికి పంపెను. అప్పటికి సాయంకాలము అయిదు గంటలైనది.