వైద్యుని యెదుట నిజము



కుప్పము వైద్యకళాశాలలో చదువుచున్న మా సంఘపు పిల్లవాడొకడు సెలవులకు వచ్చి, పుంగనూరులోని మా యింటి పంచలో కూర్చుండి పరీక్షకు చదువుకొనుచుండెను. ప్రశ్నను బిగ్గరగా చదివి తానే జవాబు చెప్పుకొనుట అతని అలవాటు. ఒక ప్రశ్న నా చెవిని బడెను. నలువదియైదేండ్ల రైతు. మూడు వారములుగా దగ్గు, సాయంకాలము కొద్ది జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, రెండుసార్లు కళ్లెలో రక్తపు జీర. రోగమేది? మొదట చేయవలసినదేమి? "క్షయ అని అనుమానము, కళ్లె పరీక్ష" అని రెప్పపాటులో చెప్పి పుట త్రిప్పెను.

"నాయనా, ఆ రైతు ఇదంతయు ఎవరితో చెప్పెను?" అని అడిగితిని.

"ప్రశ్నలోనే ఉన్నది గదా, అయ్యగారూ" అని నవ్వెను.

నేను నవ్వలేకపోతిని.

ఇరువది యేండ్లు దాటినది. అప్పుడు నేను వేరొక పల్లె సంఘమును చూచుచుంటిని. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక సహోదరుడు నన్ను వేపచెట్టు క్రిందికి పిలిచి, తుండుగుడ్డ మడత విప్పి రక్తపు మరక చూపెను. చిన్నకుమార్తెకు సంబంధము కుదిరియుండెను. పరీక్షకు పోయినచో ఊరికి తెలియును, ఊరికి తెలిసినచో పెండ్లి నిలిచిపోవును, ఏమి చేయమందురని అడిగెను. నాకు జాలి కలిగెను. "పెండ్లి కానిమ్ము, రెండు నెలలే గదా, ప్రార్థన చేయుదము" అంటిని. ఈలోగా అతడు ఒక వైద్యునియొద్దకు పోయి "కొంచెము దగ్గు" అని మాత్రము చెప్పెను. రక్తము మాట ఎత్తలేదు, ఆయనయు అడుగలేదు. సీసా మందు, రెండు సూదులు; జ్వరము నాలుగు దినములు తగ్గెను. దానిని నేను ప్రార్థనకు వచ్చిన జవాబనుకొంటిని.

పెండ్లి జరిగెను. తరువాత కళ్లె పరీక్షలో క్షయయని తేలి, మందులు మ్రింగి అతడు బాగుపడెను. కాని రాత్రులు తాత ప్రక్కలో పండుకొనుచుండిన మూడేండ్ల మనుమరాలికి ఆ రోగమే మెదడు పొరలకు సోకెను. "ఆ రెండు నెలలలోనే సోకినదా?" అని వైద్యుని అడిగితిని. అట్లని ఎవరును చెప్పలేరనెను. కాదనియు చెప్పలేరనెను. ఇన్నేండ్లుగా నేను ఆ రెండు మాటల నడుమనే కాపురమున్నాను.

నేను అబద్ధమాడుమనలేదు, ఊరకుండుమంటిని, అంతే గదా అని నన్ను నేను సమర్థించుకొన్న దినములున్నవి. నా పొరపాటు ఎక్కడనో చాలకాలమునకు గాని తెలియలేదు. తన రోగమును ఊరికి చెప్పకుండుట ఆ సహోదరుని హక్కు. వైద్యునికి చెప్పకుండుట వేరు సంగతి. ఆ రెండింటిని నేను ఒక్కటిగా కలిపి కట్టితిని.

మార్కు సువార్తలో బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి మీరెరుగుదురు. ప్రభువు వానిని చేయిపట్టి ఊరి వెలుపలికి తీసికొనిపోయెను. బాగుచేసిన తరువాత ఊరిలోనికి పోవద్దనెను. ఊరికి తెలియనక్కరలేదు! కాని తన యెదుట మాత్రము, ఏమి కనబడుచున్నదో చెప్పుమని వానినడిగెను. వాడు మర్యాదకు "బాగున్నదయ్యా" అనియుండవచ్చును. మన పల్లెలలో పెద్ద డాక్టరు అడిగినప్పుడు మనమందరము అనునది అదే. వాడట్లనక, మనుష్యులు చెట్లవలె కనబడుచున్నారని ఉన్నది ఉన్నట్లు చెప్పెను. అందువలననే గదా రెండవసారి చేయి పడినది.

మనకు ఈ భయము ఊరక రాలేదు. మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరములో పలు మిషనులు కలిసి 1915లో క్షయ ఆస్పత్రి తెరచిరి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి అధిపతి. ఆ దినములలో రోగక్రిమిని చంపు మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారము, అంతే. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. మందు వచ్చినది గాని, మందు లేని కాలపు భయము మన యిండ్లనుండి పోలేదు.

1956లో మద్రాసులో ఒక పరిశోధన ఆరంభమాయెను. పేద రోగులలో కొందరిని ఆస్పత్రిలో ఉంచియు, కొందరిని ఇంటనే ఉంచియు ఒక సంవత్సరము మందులిచ్చిరి. 1959లో ఫలితములు వెలువడెను. ఇంట మందు తిన్నవారు దాదాపు అంతే బాగుపడిరి. వారి యింటివారికి అదనముగా రోగము సోకనూ లేదు. ఇంటివారికి ప్రమాదము ముఖ్యముగా మందు మొదలుకాక మునుపే. ఈ మాట చదివిననాడు నాకు నిద్ర పట్టలేదు. దాచిన ఆ రెండు నెలలే గదా అది!

వైద్యుని వంతు తక్కువని కాదు. బెంగుళూరు క్షయ సంస్థవారు తుమకూరు జిల్లా పల్లెలలో విచారించి 1963లో ప్రకటించినదేమనగా, రోగులలో సుమారు సగముమంది అప్పటికే వైద్యమునకై వెళ్లియుండిరి. వెళ్లినవారిలో అనేకులకు దొరికినది దగ్గు మందు సీసాయే.

ఇదంతయు ఆ పిల్లవానికి చెప్పితిని. అతడు పుస్తకము మూసి, "అయితే రోగి చెప్పనప్పుడు ఏమి చేయవలెను, అయ్యగారూ?" అని అడిగెను. నేను వైద్యుడను కాను. కూడ వచ్చినవారిని కొంతసేపు బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి మరల అడుగుమంటిని. ఇంట చిన్నపిల్లలున్నారా, ఎవరి ప్రక్కలో పండుకొందురు అని కూడ అడుగుమంటిని. తేలకమునుపే బలమైన సూదిమందులు వేసినచో కొన్ని మందులు క్షయను కొన్నాళ్లు కప్పిపెట్టునని అతడే నాకు చెప్పెను. ఆ నాలుగు దినముల తగ్గుదల అటువంటిదేమో.

రెండు వారములు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆస్పత్రిలో నేడు పరీక్ష ఉచితము, మందులును ఉచితము. సామాన్యమైన క్షయకు ఆరు నెలల మందు. ఇంటివారిని కూడ పరీక్షించుదురు. మీలో ఎవరైనను తుండుగుడ్డ మడతలో ఏదైన దాచుకొనియుంటే, మీ పాస్టరు సలహాకొరకు ఆగవద్దు.

ఆ మనుమరాలు బ్రదికినది. ఇప్పుడు పెద్దపిల్ల. చెవులు సరిగా వినబడవు. ఆ సంఘమునకు నేను ఎప్పుడైన పోయినప్పుడు ముందు వరుసలో కూర్చుండి నా పెదవులవైపే చూచుచుండును. పాట మొదలైనప్పుడు తల్లి మోచేతితో తట్టును.