గంప నిండని వారము

ధ్యానభాగము: 2 కొరింథీయులకు 8:9–15, నిర్గమకాండము 16:17–21



అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని బీద పరిశుద్ధుల నిమిత్తము చందా పోగుచేయుచు కొరింథు సంఘమునకు వ్రాసిన మాటలను ఈ నెల ధ్యానించుదము. ఒకరిని సుఖపెట్టుటకై మరియొకరిని ఇక్కట్టుపాలు చేయుట తన ఉద్దేశము కాదని ఆయన స్పష్టపరచుచున్నాడు. నేడు కలిగినవాడు లేనివానిని ఆదుకొనును. రేపు ఆ లేనివాడే కలిగినవాడై వీనిని ఆదుకొనును. సంఘములో సమానత్వము ఇట్లు నిలుచునని ఆయన బోధ. ఈ భాగమును నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయితే దాని అర్థమును నాకు నేర్పినది ఐరాల దగ్గరనున్న 40 సెంట్ల కూరతోట.

మన ప్రాంతపు సేద్యము మీరెరిగినదే. బాహుదా నదిలో వాన కురిసిన దినములలో తప్ప నీరు పారదు. చెరువు నిండిన యేట వరి, చెరకు. నిండని యేట చెనిక్కాయలు. కూరగాయలు పెట్టువారు బోరును నమ్ముకొని పెట్టుదురు. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయములో మోషే రెండు విధములైన భూములను పోల్చెను. ఐగుప్తులో మనుష్యుడు శ్రమపడి కూరతోటకు నీరు పెట్టినట్లు పొలమునకు పెట్టవలెను. వాగ్దానదేశమునకైతే ఆకాశమే నీరిచ్చును. మన పొలములలో ఈ రెండును కలిసియున్నవి. మోటారు వేసి మడవ త్రిప్పువాడు రైతే, అయినను బోరులోనికి నీరు రావలెనంటే పైనుండి వాన కురియవలెను.

కూరగాయల రైతునకు ఇంకొక కష్టము గలదు. వడ్లనైతే గాదెలో పోసి, ధర వచ్చువరకు ఆగవచ్చును. పండిన టమేటా ఆగదు. కోసిన కొద్ది దినములకే మెత్తబడును. కనుక మండీలో ఎంత చెప్పిన అంతకు ఇచ్చి రావలసినదే. 2023 జూలై నెలాఖరున మదనపల్లె మార్కెట్టులో కిలో టమేటా 150 రూపాయలు దాటినది. అదే సంవత్సరము సెప్టెంబరులో రాయలసీమ మార్కెట్లలో 10 రూపాయలైనను పలుకని దినములు వచ్చినవి. ఇట్టి స్థితిలో విత్తువాడు ఏ ధైర్యముతో విత్తవలెను?

ఈ ప్రశ్న ఇతర దేశములలోను పుట్టినది. జపానులో 1970 తరువాతి సంవత్సరములలో పట్టణపు గృహిణులు కొందరు రైతులతో నేరుగా ఒడంబడిక చేసికొని, రసాయనములు లేక పండించిన పంటను తీసికొనసాగిరి. దానిని వారు ‘తేకేయి’ అందురు. 1986లో అమెరికాలోని మాసచూసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములలో రెండు తోటలు ఇట్టి పద్ధతినే ఆరంభించెను. కుటుంబములు పంట రాకముందే సొమ్ము చెల్లించును; పండినదానిని భాగములుగా పంచుకొనును; పండనియెడల ఆ నష్టమును కూడ పంచుకొనును.

మన తెలుగు సంఘములకు ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. ఎసటిలో పోయుటకు ముందు తల్లులు తీసిపెట్టిన పిడికెడు బియ్యము ఎన్ని సంఘములలో దైవసేవకులను పోషింపలేదు! కోతపండుగనాడు గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు ఆలయమునకు తెచ్చి వేలము వేయుట మనకు అలవాటే. మనకు సమీపముననున్న కాట్పాడిలో ఆర్కాటు మిషనువారు వ్యవసాయ విద్యాలయమునే నడిపిరి. సువార్తకును నాగలికిని పొత్తు కలదని మన పెద్దలు ఎరిగియుండిరి.

మా సంఘములోని ఒక విధవరాలికి 40 సెంట్ల భూమియు ఒక బోరును గలవు. మేము 12 కుటుంబములవారము కలిసి, మూడు నెలలకు ఒక్కొక్క ఇంటికి 1,200 రూపాయల చొప్పున 14,400 రూపాయలు ముందుగా ఆమె చేతికిచ్చితిమి. ఆ సొమ్ము విత్తనమునకు, దుక్కికి, పందిరి గుంజలకు, కూలికి సరిపోయెను. ఆమె రసాయనపు ఎరువు వేయదు. 10 కిలోల పేడ, ఆవు పంచితము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమన్ను 200 లీటర్ల నీటిలో కలిపి పులియబెట్టి, ఆ జీవామృతమును మొక్కలకు పోయును. అంతయు ఒకేసారి విత్తక, 15 దినములకు ఒక మడి చొప్పున విత్తును. ప్రతి శనివారము సాయంకాలము 12 గంపలు నిండును. పదమూడవ గంప ఒకటి కలదు. అది ఆ వారము ఎవరి ఇంట పొయ్యి కష్టముగా వెలుగుచున్నదో వారిది. పొలపు అంచులను పూర్తిగా కోయక బీదలకు విడువవలెనని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను గదా!

2021 నవంబరులో మన జిల్లాలో కురిసిన భారీవర్షములు మీకు జ్ఞాపకముండును. తోట నాలుగు దినములు నీటిలో నిలిచినది. టమేటా వేరు కుళ్లెను. వంగ, చిక్కుడు పూత రాలిపోయెను. ఆ నెలలోనే పట్టణములలో కిలో టమేటా 100 రూపాయలు దాటెను. ఆ శనివారము మా ఇంటికి వచ్చిన గంపలో రెండు కట్టల గోంగూర, నాలుగు మునక్కాయలు మాత్రమే యుండెను.

సోమవారము ఉదయమున నేను తోటకు వెళ్లితిని. గెనిమమీద నిలువబడి, “అమ్మా, మా భాగము ఏమాయెను? దుడ్డిచ్చియు మరల అంగడిలో కొనవలసి వచ్చినదే” అంటిని.

ఆమె మోకాటిలోతు బురదలో కాలువ తీయుచుండెను. పార ఆపి, “అయ్యగారూ, మీ భాగం ఆడనే ఉండాది, చూడండి. చెట్టుమీద ఉన్నెప్పుడు మనందరిదీ అంటిరి గదా. ఇప్పుడు నీళ్లల్లో ఉంటే నా ఒక్కదానిదేనా?” అనెను. మరల పార ఎత్తుకొనెను.

నాయొద్ద జవాబు లేదు. ఒకరి భారమును ఒకరు మోయవలెనను గలతీ పత్రిక 6వ అధ్యాయపు బోధను నేను ఎన్ని పర్యాయములు వివరించితినో! అయితే నేనిచ్చిన 1,200 రూపాయలను కూరగాయల వెలగా ఎంచుకొంటిని. ఆమె దానిని సహవాసముగా ఎంచెను. బురదలో నిలిచినది ఆమె, గట్టుమీద నిలిచినది నేను.

అప్పటికే నాలుగు కుటుంబములు తమ సొమ్ము తిరిగి యడిగియుండెను. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తోట లెక్క చదివితిమి. నేను గెనిమమీద పలికిన మాటను ముందుగా సంఘము ఎదుట ఒప్పుకొంటిని. ఆ నలుగురిలో ఇద్దరు మనస్సు మార్చుకొనిరి, ఇద్దరు విడిచిపోయిరి. వారిని నిందింపను. కూలికి పోవు ఇంటికి 1,200 రూపాయలు చిన్న సొమ్ము కాదు. వారి సొమ్మును మిగిలిన పది కుటుంబములవారము వేసికొని ఇచ్చితిమి. నీరు తీసిన తరువాత తోటకూర, మెంతికూర విత్తితిమి. నెల తిరుగకముందే తోటకూర కోతకు వచ్చెను.

ఇక రెండవ సంగతి వినుడి. 2023 జూలైలో ఆ తోటలో టమేటా బాగుగా కాచెను. ఒక వ్యాపారి గట్టుమీదికే వచ్చి, మొత్తము కాపునకు మంచి వెల ఇచ్చెదననెను. ఆమె, “గంపలు నిండినాక మిగిలేది తీసకపో” అనెను. మిగిలినది అమ్మి నాలుగు రూపాయలు కండ్ల చూచెను. అందుకు మేమందరము సంతోషించితిమి. మా గంపలలో మాత్రము ఏ వారమువలెనే రెండేసి కిలోలు వచ్చెను. 2021లో మాకున్నది ఆమె కొదువను తీర్చెను. 2023లో ఆమెకు కలిగినది మా కొదువను తీర్చెను. విడిచిపోయిన ఇద్దరిలో ఒక ఇంటి యజమానుడు ఆ నెల జబ్బుపడెను. పదమూడవ గంప ఆ ఇంటికి వెళ్లెను. అట్లు చేయుమని ఆమెతో ఎవరును చెప్పలేదు.

పౌలు ఈ బోధకు సాక్ష్యముగా మన్నాను చూపుచున్నాడు. ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి కొరత లేదు, దాచినది పురుగుపట్టెను. కూరగాయలును మన్నావంటివే. వాటిని దాచుకొని ధనికుడగుట ఎవనికిని సాధ్యము కాదు. పంచుకొనినప్పుడే అవి ఆహారమగును.

ప్రియులారా, మన గ్రామ సంఘములు ఇట్టి పనికి పూనుకొనదలచినయెడల మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. మొదటిది, కొద్ది కుటుంబములతో ఆరంభించుడి. నష్టమును పంచుకొందుమను మాటను విత్తకముందే అందరు వినునట్లు ఒప్పుకొనుడి. రెండవది, లెక్కను దాచక మూడు నెలలకొకసారి సంఘములో చదువుడి. మూడవది, లేనివాని గంపను చివర మిగిలినదానితో నింపక, మీ గంపలతోపాటు నింపుడి.

వీటన్నిటికిని పునాది 9వ వచనములో కలదు. మన ప్రభువు ధనవంతుడైయుండి మన నిమిత్తము దరిద్రుడాయెను. మనలో ఏ ఫలమును కనబడకముందే, మనమింకను పాపులమైయుండగానే, ఆయన మన నిమిత్తము తన ప్రాణము పెట్టెనని రోమా పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. ఆయన గట్టుమీద నిలిచి మన భాగమేదని అడుగలేదు. మన బురదలోనికి దిగివచ్చెను. ఆయన బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందు మనము, సహోదరుని తోట నీట మునిగిన దినమున గట్టుమీద నిలువవచ్చునా?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వానను ఎండను ఇచ్చువాడవు నీవే. విత్తువారి చేతులను బలపరచుము. గంప నిండిన దినమున గర్వింపకుండను, నిండని దినమున సణుగకుండను మమ్మును కాపాడుము. ఒకరి నష్టములో ఒకరము పాలివారమగుటకు నీ కుమారుని మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.