జీర్ణోద్ధారణము

చల్లపల్లికి చేరువగా కృష్ణాతీరమున శ్రీకాకుళ క్షేత్రము గలదు. అచట ఆంధ్రమహావిష్ణువును సేవించువారు జీర్ణోద్ధారణ మన్న మాట నెరుగుదురు. శిథిలాలయమును విడిచి వేరొకటి కట్టుటకంటె దానిని బాగుచేయుట అధికఫలప్రదమని పెద్దలందురు. ఇంటి వస్తువులకును ఈ నీతి వర్తించును.

చల్లపల్లిలో నొక గృహస్థునకు తండ్రివలన స్టీరియో రికార్డు ప్లేయరు సంక్రమించిన దనుకొందము. దానితో 1963లో వెలువడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతపు రికార్డును వచ్చినది. ఏండ్ల తరబడి మూలనున్న యంత్రమున రబ్బరు బెల్టు సాగిపోవును. తేమకు స్విచ్చులు చిలుము పట్టును. ఒక స్పీకరు మూగవోవును. సోదరులలో నొకరు పాతసామానువాని కిమ్మందురు. వేరొకరు అద్దాల బీరువాలో అలంకారముగా నుంచుమందురు. రెండును యుక్తములు కావు. వినుటకు తెచ్చిన వస్తువు వినబడవలెను.

తెలిసిన రేడియో మెకానిక్కునకు చూపక కరెంటు తగిలింపరాదు. పాతబడిన కండెన్సర్లు కాలి తక్కిన భాగములను చెరచవచ్చును. అరిగిన సూది రికార్డు గాడినే కోయును. కనుక దానిని ముందుగా మార్పవలెను. చెడిన భాగమును మార్చి తక్కినది నిలుపుటయే జీర్ణోద్ధారణ లక్షణము.

ఆలయమును బాగుచేయునపుడు ఆరాధన ఆగదు. స్వామిని బాలాలయమున వేంచేపుచేసి అర్చింతురు. యంత్రము మెకానిక్కు కడ నున్నన్నాళ్లు ఆ యింటి సుప్రభాతమునకు బాలాలయ మేది? ఇంటివారి నోరే. తండ్రి యిచ్చిపోయినది పెట్టె మాత్రమే కాదు; వేకువను భగవన్నామముతో మేల్కొను అలవాటును ఇచ్చిపోయినాడు. యంత్రము పాడుచున్నదిగదా యని పిల్లలకు శ్లోకము నేర్పనిచో, ఆ పిత్రార్జితము పెట్టెకంటె ముందే చెడినట్లు. పెట్టె బాగై వచ్చునాటికి పిల్లలు దానితో గొంతు కలుపగలిగినచో ఉద్ధారణము పూర్తియైనట్లే.