ముప్ఫై డిగ్రీల వదులు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది స్టీరింగ్ గురించి. బండి ఏదైనా సరే, స్టీరింగ్ చక్రం దగ్గర 30 డిగ్రీలకు మించి వదులు ఉండకూడదు అంటుంది. కీళ్ళకి రబ్బరు తొడుగులు ఉండాలనీ, బోల్టులూ పిన్నులూ వాటంతటవి ఊడిరాకుండా బిగించి ఉండాలనీ కూడా అంటుంది. 30 డిగ్రీలంటే గడియారం మీద పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. చక్రం అంత దూరం తిరిగినా ముందు టైర్లు కదలకపోతే, అక్కడిదాకా చట్టానికి అభ్యంతరం లేదు. ఆపైన ఉంది.

మొదటిసారి చదివినప్పుడు 30 చాలా ఎక్కువ అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఆ అంకె కన్నా దాని వెనకున్న ఒప్పుదల ముఖ్యమనిపించింది. కదిలే ప్రతి కీలుకీ కొంత సందు కావాలి. బొత్తిగా లేకపోతే అది పట్టేస్తుంది. అంటే, వదులు ఎప్పుడూ ఉంటుంది. ఎంతవరకు పరవాలేదో ఒక గీత గీసుకోవచ్చు. ఆ గీత దాటామని తెలుసుకోవాల్సింది ఎవరు? నన్ను పట్టుకున్న ప్రశ్న అది.

1988 మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షన్ దీనికొక జవాబు చెబుతుంది. ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని నడిపినవాడూ, నడపమన్నవాడూ, నడపనిచ్చినవాడూ కూడా శిక్షార్హులే. ఎప్పుడంటే, ఆ లోపం వాళ్ళకి తెలిసి ఉన్నప్పుడు, లేదా మామూలు జాగ్రత్త తీసుకుని ఉంటే తెలిసేదైనప్పుడు. ఈ చివరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. "నాకు తెలీదు" అంటే సరిపోదంటోంది చట్టం. తెలుసుకునే వీలుండీ తెలుసుకోకపోవడం కూడా తప్పే అంటోంది.

మాది సోమందేపల్లి. బెంగళూరు, హైదరాబాదుల మధ్య 44వ నంబరు హైవే మీది ఊరు. కాస్త పైకి పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ, 2019 నుంచీ కొత్త కార్లు అక్కణ్ణించి బయటికొస్తున్నాయి. అదే రోడ్డు మీద మా ఊళ్ళ పాత పికప్పులూ తిరుగుతుంటాయి. హిందూపురం మార్కెట్టుకి పట్టుగూళ్ళు, టమాటా బాక్సులు, సిమెంటు, గొర్రెలు, పెళ్ళిళ్ళ కాలంలో షామియానా సామాను. మా చిన్నాయనకి అలాంటిదొకటుంది. పదిహేనేళ్ళు దాటిన బండి. ఆమధ్య ఊరికెళ్ళినప్పుడు దాన్ని పెనుకొండ దాకా తోలాను. వంపు లేని రోడ్డులో కూడా స్టీరింగ్‌ని అటూ ఇటూ సర్దుతూనే ఉండాల్సొచ్చింది. చెప్తే చిన్నాయన నవ్వి, "దాని గుణమే అంతప్పా. నువ్వు కార్లు తోలేటోనివి, నీకు కొత్త" అన్నాడు.

ఆయన అబద్ధమాడలేదు. ఆయన చేతికి ఆ వదులు నిజంగానే తెలియడం లేదు. కీలు ఒక్కరోజులో అరిగేది కాదు. ముందు రబ్బరు బూటు చిరుగుతుంది. గ్రీజులోకి దుమ్ము చేరుతుంది. అక్కణ్ణించి గ్రీజే గరుకు పట్టి, కాపాడాల్సిన లోహాన్ని తనే రాకడం మొదలుపెడుతుంది. సందు వెంట్రుకవాసి చొప్పున పెరుగుతుంది, చెయ్యి కూడా అంతే చొప్పున నేర్చుకుంటుంది. బండి ఎడమకి లాగేలోపే చెయ్యి కుడికి సర్దేసి ఉంటుంది. కొన్నేళ్ళకి ఆ సర్దుబాటే డ్రైవింగ్ అయిపోతుంది. ఆ బండిని ఎవరు ఎక్కువగా తోలారో వాళ్ళకే దాని లోపం అందరికన్నా తక్కువగా తెలుస్తుంది.

ఇక్కడ డబ్ల్యూ. కె. క్లిఫర్డ్ గుర్తొస్తాడు. ఇంగ్లండుకి చెందిన గణితవేత్త. 'నమ్మకపు నీతి' గురించి 1877లో రాసిన వ్యాసంలో ఒక ఓడ యజమాని కథ చెప్తాడు. ఓడ పాతది, ఎన్నోసార్లు మరమ్మతు చేసింది. వలస వెళ్ళే జనంతో బయల్దేరబోతోంది. ఇది సముద్రానికి తట్టుకుంటుందా అని యజమానికి అనుమానం వస్తుంది. బాగుచేయించడం ఖర్చు. ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది, ఇదీ చేస్తుంది, పైన దేవుడున్నాడు అని తనకి తాను నచ్చజెప్పుకుని పంపించేస్తాడు. ఓడ మునిగిపోతుంది, బీమా డబ్బులొస్తాయి. అతను మనస్ఫూర్తిగా నమ్మాడు కదా అంటే, తన ముందున్న ఆధారాలతో అలా నమ్మే హక్కే అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఇంకో అడుగు ముందుకేసి, ఓడ క్షేమంగా చేరి ఉన్నా అతని తప్పు రవ్వంతైనా తగ్గదంటాడు.

చాలా ఏళ్ళు నాకిది తిరుగులేని వాదన అనిపించేది. పాత బళ్ళ విషయానికొచ్చేసరికి ఒక చోట అతకదు. ఓడ యజమానికి అనుమానం వచ్చింది, దాన్ని అతను నొక్కేశాడు. చిన్నాయనకి అసలు అనుమానమే రాలేదు. కీలుతోపాటే అనుమానమూ అరిగిపోయింది. నొక్కేయడానికి ఏమీ మిగల్లేదు. అలాంటి మనిషికి "ఆధారాలు చూసి నమ్ము" అని చెప్పి ఏం ప్రయోజనం? ఆయనకున్న ఆధారం ఆయన చేతులే, ఆ చేతులేమో బాగుందనే చెప్తున్నాయి.

దీనికి జవాబు నాకు మా ఊరి మెకానిక్ షెడ్డులో దొరికింది. స్టీరింగ్ వదులుని పట్టుకునే పద్ధతి చాలా పాతది, దానికి ఇద్దరు మనుషులు కావాలి. బండి నేలమీదే, బరువు టైర్ల మీదే ఉండాలి. ఒకరు పైన కూచుని స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తారు. ఇంకొకరు కింద పడుకుని స్టీరింగ్ బాక్సు నుంచి మొదలుపెట్టి డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింకు, టై రాడ్డు చివర్లు, ఇలా వరసగా ఒక్కో కీలు మీదా చెయ్యి పెట్టి చూస్తారు. ఒక ముక్క కదిలాక దాన్ని పట్టుకున్న రెండో ముక్క ఆలస్యంగా కదిలితే, అరుగుదల అక్కడుంది. ఆ తర్వాత జాకీ పెట్టి టైరు లేపుతారు. దాన్ని పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్డు చివర్ల సంగతి తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ను గానీ వీల్ బేరింగు గానీ బయటపడుతుంది. ఆ రెంటిలో ఏదో తేలకపోతే బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపుతారు. ఊపు ఆగిపోతే బేరింగు.

చిన్నాయన పైన, మెకానిక్ కింద. రెండు నిమిషాల్లో తేలిపోయింది. నన్ను కిందికి పిలిచి, "ఈడ చెయ్యి పెట్టు సార్" అన్నాడు. ఎడమ టై రాడ్డు చివర రాడ్డు ముందు కదులుతోంది, ఆర్మ్ తర్వాత కదులుతోంది. మధ్యలో వేళ్ళకి టక్కుమని తగులుతోంది. పైన చిన్నాయనకి ఏమీ తెలియడం లేదు.

స్టీరింగ్ పట్టుకున్నవాడు తన స్టీరింగ్ గురించి ఒంటరిగా తెలుసుకోలేడు. అందుకే చట్టంలోని "మామూలు జాగ్రత్త" అన్న మాటని నేనిలా చదువుకుంటాను: నాకెలా అనిపిస్తోందని నన్ను నేను అడుక్కోవడం జాగ్రత్త కాదు. కింద ఇంకొకరి చెయ్యి ఉండేలా చూసుకోవడం, ఆ మనిషి చెప్పింది వినడం జాగ్రత్త. క్లిఫర్డ్ ఓడ యజమానిని గదిలో ఒంటరిగా కూచోబెట్టి ఆలోచించమన్నాడు. నేనైతే ఓడ అడుగుభాగం చూసొచ్చిన వడ్రంగిని కూడా ఆ గదిలోకి పిలిపిస్తాను.

వడ్రంగిని పిలిచాక ఇంకో చిక్కుంది. స్టీరింగ్ బాక్సు మీద ఒక సర్దుబాటు స్క్రూ ఉంటుంది. కీలు మార్చకుండా దాన్ని కాస్త బిగిస్తే స్టీరింగ్ గట్టిపడినట్టు అనిపిస్తుంది. డ్రైవరుకి తృప్తి, ఖర్చు లేదు. అరిగిన కీలు అరిగినట్టే ఉంటుంది. పైగా అతిగా బిగిస్తే మలుపు తిరిగాక చక్రం తనంతట వెనక్కి రాకుండా పట్టేస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన పనే. హెచ్చరిక ఎందుకొస్తోందో చూడకుండా హెచ్చరికనే ఆపేస్తే రిపోర్టు పచ్చగా కనిపిస్తుంది. అసలు సంగతి ఎరిగీ ఆ స్క్రూతో సరిపెట్టే మెకానిక్ గురించి 190వ సెక్షన్ మాట్లాడదు. అతను బండి నడపడు, నడపమనడు. కానీ ఆ బండి గురించి నిజం తెలిసిన ఒకే ఒక్క మనిషి అతను.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. నెల జీతం తీసుకునేవాడికి "మార్చెయ్" అనడం తేలిక. బాడుగల మీద బతికేవాడికి బండి ఒకరోజు ఆగితే ఆరోజు సంపాదన పోయినట్టే. ఆ మెకానిక్ కూడా రోజూ వింటాడు, "ఇంగో నెల నడవనీ, గూళ్ళ డబ్బులు రానీ" అని. ఆ మాటలో మోసం లేదు, లేమి ఉంది. పేదవాడి బండి పూర్తి కొత్తదానిలా ఉండాలనడం, పేదవాడికి బండే వద్దనడంతో సమానం. ఇది నేను ఒప్పుకుంటాను. చట్టం 30 డిగ్రీల దాకా ఓర్చుకోవడంలో ఈ ఒప్పుదల కూడా ఉందనుకుంటాను. అయితే ఆ నెలరోజుల ప్రమాదాన్ని ఎవరు మోస్తున్నారు? డబ్బు మిగిలేది యజమానికి. ప్రమాదంలో సగం హైవే మీద ఎదురొచ్చే మోటారు సైకిలుది. అతన్ని ఎవరూ అడగలేదు. మన పేదరికాన్ని మనం ఓర్చుకోవచ్చు గానీ, దాన్ని ఓర్చుకోమని దారినపోయేవాడికి చెప్పలేం. పైగా అతను మనకన్నా పేదవాడు కావచ్చు.

మా షెడ్డు మెకానిక్ దీన్ని వాదనతో కాక పనితో తేల్చాడు. బూటు చిరిగి, ఇంకా వదులు రాని కుడివైపు కీలుకి బూటు మాత్రం మార్చి గ్రీజు పెట్టాడు. ఎడమదాన్ని మాత్రం, "ఇది ఇట్లనే బిగించి పంపేల్యా నా, దుడ్లు గూళ్ళు అమ్మినాంక ఇద్దువులే" అన్నాడు చిన్నాయనతో. స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు వదులు చేసి, ఆర్మ్ కన్ను మీద పక్కనుంచి సుత్తితో కొట్టి కీలుని ఊడదీశాడు. పాతది ఎన్ని చుట్లకి ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్ని చుట్లే ఎక్కించాడు, టైర్ల వరస మారకుండా. తర్వాత అలైన్‌మెంటు చూపించుకోమన్నాడు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో విడదీసి చెప్పడం, ఆగనిదాన్ని అప్పుమీదైనా చేసి పంపడం. నీతి గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంతకన్నా తేటగా ఎక్కడా చూళ్ళేదు.

థామస్ నేగెల్ 1976లో 'నైతిక అదృష్టం' గురించి మాట్లాడుతూ ఒక ట్రక్కు డ్రైవరుని ఉదాహరణగా తీసుకున్నాడు. బ్రేకులు చూపించుకోలేదు, పిల్ల అడ్డమొచ్చింది. అడ్డం రాకపోయి ఉంటే అదే నిర్లక్ష్యానికి అతన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. నిందంతా అదృష్టం పంచిపెట్టినట్టుంటుంది. ఏళ్ళ తరబడి క్షేమంగా తిరిగిన పాత బండి ఆ అదృష్టానికి సాక్ష్యమేగానీ, బండి బాగుందనడానికి కాదు. "ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు కదా" అన్న మాట క్లిఫర్డ్ ఓడ యజమాని అన్నదే.

కొత్త కీలు పడ్డాక వారం పాటు చిన్నాయన స్టీరింగ్ బాలేదనే అన్నాడు. ముట్టుకుంటే తిరిగిపోతోందట. లేని సందుని చెయ్యి ఇంకా సర్దుతూనే ఉంది. సరైనది మొదట తప్పులానే అనిపిస్తుంది కాబట్టి, అనిపించడం మీద ఆధారపడలేం.

ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి. ఏడాదిలో ఆ ఒక్కరోజూ ఎవరో ఒకరు బండి కింద చూస్తారనుకుందాం. మిగతా 364 రోజులు ఆ పని యజమానిది, డ్రైవరుది, మెకానిక్‌ది. ఎదురుగా వచ్చేవాడికి మన టై రాడ్డు మీద చెయ్యి పెట్టి చూసే వీల్లేదు. అతని తరఫున ఆ చెయ్యి మనలో ఎవరో ఒకరు పెట్టాలి.