ఆత్మవిశ్వాసం ఎవరిస్తారు?



చిన్నతనంలో బడి ముఖం చూడని ఒక తల్లి నలభై ఏళ్ళ వయసులో రాత్రిబడికి వచ్చి పలక పట్టిందనుకోండి. ఆమెకు అక్షరాలొక్కటే చాలవు. బస్సు బోర్డు చదవాలి, మందు డబ్బా మీద గడువు తేదీ చూసుకోవాలి, ఆఫీసులో తన మాట తానే చెప్పుకోవాలి. వీటినే నేడు జీవన నైపుణ్యాలు అంటున్నారు. వీటికి ఆత్మవిశ్వాసం కావాలంటారు. మరి దాన్ని ఎవరిస్తారు? ‘నువ్వు చేయగలవు’ అని పదిసార్లు చెబితే వస్తుందా?

నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం సాగింది. ఊళ్ళోని స్త్రీలు ఏకమై సారా దుకాణం మూయించిన కథ ఒకటి అక్కడి వాచకంలో పాఠంగా ఉండేది. దూబగుంట స్త్రీలు దాన్ని చదివి ఊరుకోలేదు. రోశమ్మ మొదలైనవారు కదిలి తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. పొరుగూళ్ళు వారిని అనుసరించాయి. చివరకు 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. వారికి ధైర్యాన్ని ఎవరూ ముందుగా నూరిపోయలేదు. తమ ఇంటి బాధ పాఠంలో కనిపించింది, పక్కన పదిమంది తోడున్నారు, పనికి పూనుకున్నారు. పని చేస్తుండగా ధైర్యం పెరిగింది.

ఇది నాకూ అనుభవమే. ఏళ్ళ తరబడి అరబీ, ఉర్దూ గ్రంథాలు చదివిన నాకు బ్యాంకులో తెలుగు ఫారం చూడగానే చెమటలు పట్టాయి. పక్కనున్న యువకుడు జాలిపడి తానే నింపేశాడు. పని అయింది, సిగ్గు మాత్రం మిగిలింది. మరోసారి ఒక పెద్దాయన, “మీరే రాయండి, నేను చూస్తాను” అన్నారు. రెండు ఫారాలు పాడయ్యాయి, మూడోది కుదిరింది. ఆ తర్వాత నేనెవరినీ అడగలేదు.

ఆత్మవిశ్వాసం అహంకారానికి దారి తీయదా అని కొందరు సందేహిస్తారు. పొగడ్తతో వచ్చినదైతే తీయవచ్చు. రెండు ఫారాలు పాడుచేసి నేర్చుకున్నవాడు మాత్రం తన తప్పులను మరచిపోడు. ఎదుటివాడు తడబడితే నవ్వడు.

అత్యవసరమైతే చేసిపెట్టడమే మేలు, సందేహం లేదు. కాని మన ఇళ్ళల్లో జరుగుతున్నదేమిటి? అమ్మీ కలం పట్టగానే, “నీకు రాదులే, ఇటివ్వు” అని కొడుకు లాక్కుంటాడు. దాన్ని సేవ అనుకుంటాడు. నిజానికి అది తొందరపాటు. ఈసారి కలం ఆమె చేతిలోనే ఉంచి, పక్కన కూర్చుని, కాస్త ఓపిక పడదామా?