పచ్చబొట్టు చెరుపుకొనువారి బాధ – శిక్షయా, తపస్సా?

పచ్చబొట్టు పొడిపించుకొనుట తెలుగువారికి క్రొత్త ఆచారము కాదు. పూర్వము సూదులు చేతబట్టిన స్త్రీలు ఊరూర తిరిగి, ముంజేతిపై పేరులు, చుక్కలు, బొమ్మలు పొడిచెడివారు. ప్రాణమున్నంతవరకు చెరగదను నమ్మకమే దాని విలువకు మూలము. నేడు బెంగుళూరు, చెన్నై వంటి నగరములలో యంత్రములతో రంగురంగుల బొమ్మలు వేయుచున్నారు. వానితోపాటు చెరుపు సాధనమును వచ్చినది. తొలి లేజరు 1960లో వెలిగినది. చుట్టునున్న చర్మమునకు అంతగా హాని లేకుండ రంగుగల కణమును మాత్రమే వేడిచేయు విధానమును 1983లో ఆండర్సన్, పారిష్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. నేటి చికిత్స ఆ సూత్రముపైననే నడచుచున్నది.

సంబంధము తెగిన పిమ్మటను ఆ పేరును చేతిపై మోయుచున్న యువతియు, ఉద్యోగమునకు బొమ్మ అడ్డువచ్చిన యువకుడును పెద్దలను మొదట అడుగునది ఒక్కటే: "నొప్పి ఎంత ఉండును?" దీనికి పెద్దలలో కొందరు "చేసికొన్నదానికి అనుభవింపుము" అందురు. మరికొందరు "ఓర్చుకొనుము, ఇదియు నొక తపస్సే, కర్మ తీరును" అందురు. మొదటి మాటలో కోపమున్నది, రెండవదానిలో ఓదార్పున్నది. కాని జైన ధర్మము ఈ రెంటిలో దేనినైనను అంగీకరించునా?

విచారమునకు ముందు నిజము చెప్పవలెను. లేజరు మెరుపు సెకనులో నూరుకోట్లవ వంతులలో వచ్చిపోవును. ఒక్కొక్క మెరుపు, సాగదీసి విడిచిన రబ్బరు బ్యాండు చర్మముపై తగిలినట్లును, తాళింపులోని నూనె చిటపటలాడి మీదపడినట్లును ఉండును. చీలమండ, ప్రక్కటెముకలు మొదలగు ఎముక దగ్గరగానున్న చోట్ల బాధ హెచ్చు. చిన్న గుర్తుకు పట్టునది కొద్ది నిమిషములే. ముందుగా తిమ్మిరెక్కించు లేపనము పూసి, చల్లని గాలి తగిలించినచో బాధ చాల తగ్గును. వెంటనే చర్మము తెల్లబారి కొంతసేపటికి మామూలగును. పిమ్మట ఎరుపు, వాపు, ఎండకు కాలినట్టి మంట కలుగును. బొబ్బలు లేచినను ఆశ్చర్యపడనక్కరలేదు. వానిని చిదుపరాదు, పొక్కులు గీకరాదు. ఒక పర్యాయముతో పని తీరదు. ఆరు నుండి ఎనిమిది వారముల ఎడముతో, తరచు ఆరు మొదలు పది పర్యాయములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువయు కావలసివచ్చును. నలుపు త్వరగా పోవును, కొన్ని రంగులు మొండికెత్తును. చామనచాయవారికి ఆ చోటు తెల్లబారుటయో, నల్లబడుటయో సంభవింపవచ్చును గనుక, వారి చర్మమును ఎరిగిన వైద్యుని చేతనే చేయించుకొనవలెను.

ఇంతయు చెప్పుట ఎందులకు? "నొప్పి లేదు, మూడుసార్లలో మాయము" అని ఆశపెట్టువారు ఉన్నారు గనుక. బట్టలోని చిరుగును మడతలో దాచి అమ్మినవాని సత్యవ్రతమునకు భంగము కలుగును. నొప్పిని దాచి చికిత్సను అమ్మినవానికిని అంతియే. బిడ్డను తొందరగా కూర్చుండబెట్టుటకై "ఏమియు ఉండదు" అని చెప్పు తల్లిదండ్రులకును ఈ నియమము వర్తించును. అట్లు మోసపోయినవాడు రెండవసారి వెళ్లడు. సగము చెరిగిన గుర్తు, పూర్తిగా పోయిన నమ్మకము మిగులును.

ఇక శిక్ష అనుమాట. దుఃఖము అసాతావేదనీయ కర్మోదయముచే కలుగునని శాస్త్రము. అయినను, ఒకరి కర్మఫలమును ఒకరు వడ్డించు అధికారము ఏ శ్రావకునికిని ఈయబడలేదు. ఇతరునికి దుఃఖము, శోకము కలిగించుట వలన కలిగించినవానికే అసాతావేదనీయము బంధించునని తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయము వలన తెలియుచున్నది. "తగినశాస్తి" అని లోలోన సంతోషించు పెద్ద రౌద్రధ్యానమునకు చేరువగా నిలిచినాడు. ఇష్టములేని ఆడపిల్లను పెండ్లి సంబంధము కొరకు బలవంతముగా ఆ బల్లపై పరుండబెట్టుటయు హింసయే. చర్మము ఎవరిదో, సమ్మతియు వారిదే కావలెను.

తపస్సు అను మాటయు నిలువదు. లేజరు సిరాను బయటకు తీయదు; దాని రేణువులను పగులగొట్టును. వానిని వారముల తరబడి మోసికొనిపోవునవి శరీరమందలి కణములు. మంట ఉన్నది కొన్ని నిమిషములు, సిరా తరుగుట అంతయు మంట చల్లారిన తరువాతనే. లేపనము పూసికొన్నవానికిని, పూసికొననివానికిని గుర్తు ఒక్కరీతిగానే చెరుగును. కావున బాధ చెరుపుటకు మూల్యము కాదు. ప్రక్కన వచ్చునది మాత్రమే. నిర్జర విషయమునను ఇట్లే. బాధ మాత్రముచేతనే ముక్తి కలుగునెడల, నరకమందలి జీవులే అందరికంటె ముందు ముక్తులై ఉండవలసినది. కాయక్లేశము తపస్సగుట సంయమము కొరకు బుద్ధిపూర్వకముగా చేయుటచేత. ఉద్యోగమునకో, అందమునకో ఓర్చునది లౌకిక కార్యము. అందులో తప్పు లేదు. దానికి తపస్సను పేరును అక్కరలేదు. లేపనము అడిగినవాడు పిరికివాడును కాడు.

అయినను అక్కడ అభ్యసింపదగినది ఒకటి కలదు. వేదనను గూర్చి పదేపదే చింతించుట నాలుగు విధములైన ఆర్తధ్యానములలో నొకటి. మెరుపుల బాధ నిమిషములే కాని, తరువాతి పర్యాయమును తలచుకొని ఆరు వారములు వణకుట పెద్ద బాధ. నలుబదియెనిమిది నిమిషములు సామాయికమున కూర్చున్నవాడు, కాలి తిమ్మిరి వచ్చుటను, పోవుటను, తాను దానికి వేరుగా చూచుచుండుటను ఎరుగును. బల్లపైనను ఆ ఎరుకయే ఉపకరించును. ఇరువదిరెండు పరీషహములు మునులకు చెప్పబడినవి. వానినుండి గృహస్థుడు నేర్వదగిన పాఠము ఇంతమాత్రమే.

"మందలింపనిచో పిల్లలు మరల పొడిపించుకొందురు" అని కొందరందురు. మందలింపునకు వేళ సూదికి ముందు. చెరుపుకొనవచ్చినవాడు అప్పటికే తెలిసికొన్నవాడు.

శ్రవణబెళగొళమున బాహుబలి స్వామి తొడలను, భుజములను తీగలు అల్లుకొన్నవి. తీగలను, పాములను ఓర్చిన ఆ మహాత్మునికి సైతము మనస్సున మిగిలిన చిన్న శల్యము తొలగువరకు కేవలజ్ఞానము కలుగలేదని పురాణ సంప్రదాయము. చర్మములోని సిరా ఒక శల్యము. "ఎందుకు పొడిపించుకొంటిని" అను ద్వేషము రెండవది. "మా మాట వినలేదు" అను పెద్దల పగ మూడవది. లేజరు మొదటిదానికి మాత్రమే పనిచేయును. తక్కిన రెండును తొలగవలెనన్నచో, పెద్దలు ఆ పిల్లల వెంట చికిత్సాలయమునకు వెళ్లి, నిజము ముందుగా చెప్పి, మెరుపులు సాగునంతసేపు ప్రక్కన కూర్చుండుట మేలు.