పదునారకముందే

గొర్రును చూడనివాళ్ళకు ముందు అదేమిటో చెప్పాలి. ఒక అడ్డదిండు, దానికి దిగగొట్టిన మూడో నాలుగో కొయ్యపండ్లు, ఎద్దుల కాడిదాకా సాగే నొగ, అణిచి పట్టుకోవడానికి మేడి. ప్రతి పంటి వెనకా ఒక వెదురు గొట్టం. ఆ గొట్టాలన్నీ పైన ఒకచోట చేరతాయి. అక్కడ కూర్చునేది జడ్డిగం. ఒకే మొద్దును తొలిచి చేసిన గిన్నె అది, పండ్లెన్నో అడుగున రంధ్రాలన్ని. గుప్పిట్లోంచి జారిన గింజ జడ్డిగంలో పడి, గొట్టం వెంట దిగి, పన్ను చీల్చిన సాలులో తడిమట్టి తగిలేచోట ఆగుతుంది. వెనకే గుంటక తోలితే మట్టి కప్పుకుంటుంది. అనంతపురం మెట్ట మీద కొర్రా జొన్నా, ఆ తర్వాతి కాలంలో శెనక్కాయా చాలామటుకు ఇలాగే భూమిలోకి దిగాయి. మావాళ్ళు దీన్ని ఎదపెట్టడం అంటారు.

మా ఇంట్లో తరాలు దాటి వచ్చిన కొయ్య వస్తువు ఏదంటే ఆ జడ్డిగమే. చెక్కిన ద్వారబంధాలూ పందిరి మంచాలూ మాకు లేవు. వాటికి టేకు కావాలి, టేకుకు డబ్బు కావాలి. మాది చెరువులో పెరిగిన నల్లతుమ్మ. కానుగనూనె పీల్చి పీల్చి లోపలంతా నల్లబడింది. అంచు ఒకవైపు మాత్రం పలచబడి, వేలు పెడితే పల్లంగా తగులుతుంది. గింజ వదిలేవాళ్ళ మణికట్టు ఏళ్ళ తరబడి అక్కడే ఆనింది.

దాన్ని చేసిన వడ్లాయన కొడుకు నా చిన్నప్పుడు మా ఊళ్ళోనే పనిచేసేవాడు. నీళ్ళు తాగి ఎదిగిన మానుకంటే కరువు తిన్న మానుకు చేవ ఎక్కువని ఆయన నమ్మకం. కొట్టిన మొద్దును వెంటనే ముట్టేవాడు కాదు. కొన్నాళ్ళు నీళ్ళలో నానేసి, ఆ పైన నీడలో ఆరనిచ్చేవాడు. లేకపోతే పురుగు పడుతుంది, పగులు వస్తుంది. ఈ జిల్లా గుట్టల మీద పెరిగే నారేపి మన దేశంలోని అతి బరువైన, అతి గట్టి కలపల్లో ఒకటి. అంత గట్టిది ఈ ఎండిన రాళ్ళలో పుట్టడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. కానీ జడ్డిగానికి ఆయన తుమ్మనే కోరేవాడు. గట్టిదనం ఒక్కటే చాలదనీ, బరమాకు లొంగాలనీ, రంధ్రం అంచు పెచ్చు లేవకూడదనీ చెప్పేవాడు.

గొర్రులో మిగతా భాగాలన్నీ మారిపోయేవే. పండ్లు రాయి తగిలి విరుగుతాయి. వెదురు చీలుతుంది. నొగ ఎండకు వంగుతుంది. నా ఎరుకలోనే దిండు మార్చారు. పాళీ భాషలోని మిలిందపన్హలో నాగసేన భిక్షువు గ్రీకు రాజు మిలిందుణ్ణి ఒక ప్రశ్నతో నిలదీస్తాడు. రథమంటే ఇరుసా, చక్రాలా, కాడా? దేనికదే కాదని రాజు ఒప్పుకోవలసి వస్తుంది. చదువుకునే రోజుల్లో ఆ ఘట్టం దగ్గర నాకు మా గొర్రే మెదిలింది. అన్నీ మారినా అది మా గొర్రే ఎలా అయింది? చాలాకాలం ఈ ప్రశ్నను జడ్డిగంతో సరిపెట్టుకున్నాను. అన్నీ మారినా అది మారలేదు కాబట్టి వారసత్వం అందులో ఉందనుకున్నాను. ఇప్పుడు ఆ జవాబు నాకు సరిపోవడం లేదు. దానికి కారణం మా నేల తీరులో ఉంది.

అనంతపురానికి ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి గాలి పడమటి కనుమలు దాటేసరికి నీరసిస్తుంది, ఈశాన్యానిది సముద్రం నుంచి దూరమైన ప్రయాణం. ఆ కాస్తా ఒక పద్ధతిగా పడదు. ఒక చేను తడుస్తుంది, గట్టు అవతలి చేను తడవదు. ఎర్రనేల లోతు తక్కువ, ఇసుకపాలు ఎక్కువ. దానికి తోడు ఆషాఢమాసం గాలి. ఇవాళ పదునైన నేల మూడు నాలుగు రోజుల్లో ఆరిపోతుంది. మృగశిర నుంచి పునర్వసు దాకా రైతు కళ్ళు మబ్బు మీద ఉంటాయి. వాన పడ్డాక ఇక మబ్బును చూడడు, మట్టిని పిడికిట్లో నొక్కి చూస్తాడు. ఏడాది బతుకు ఆ నాలుగు రోజుల్లో భూమిలోకి దిగాలి. ఊళ్ళో అందరికీ ఒకేసారి గొర్రు కావాలి.

మా అబ్బ పోయాక నాయనా ఇద్దరు చిన్నాయనలూ భాగాలు పంచుకున్నారు. చేలు కొలిచారు, ఎద్దులకు వెల కట్టారు, ఇత్తడి సామాను తూచారు. గొర్రును ఎవరికీ రాయలేదు. దాన్ని మూడు ముక్కలు చేయలేరు, వెల కట్టి ఒకరే తీసుకుంటే మిగతా ఇద్దరి చేలు ఎండుతాయి. అది మా జేజి ఇంటి చూరుకిందే ఉండిపోయింది. దానికి మిగిలింది ఒక్కటే, వంతు.

వంతు ఎలా వేయాలన్నది తేలడానికి తగువులు పడ్డాయి. పెద్దవాడు ముందని నాయన, ముందు ఎవరి చేను తడిస్తే వాళ్ళు ముందని నడిపి చిన్నాయన. చివరికి జేజి ఒక మాట చెప్పింది, అదే నిలబడింది. గరుసునేల ముందు, లోతునేల తర్వాత. గుట్ట వాలున ఉన్న గరుసుచేను రెండురోజుల్లో ఆరుతుంది. వంకపక్క చేను ఐదోనాటికీ పదును నిలుపుకుంటుంది. అందుకని మంచి నేల దొరికినవాడు ఆగాలి, చెడ్డనేల దొరికినవాడు ముందు విత్తుకోవాలి. ఆమె చదువుకోలేదు, ధర్మశాస్త్రం వినలేదు. పెద్దరికాన్నీ జాగా విలువనూ పక్కనబెట్టి, ఆరిపోయేదాన్ని చూసింది. పంపకం గురించి నేను చదివిన పుస్తకాలలో ఇంత సూటి సూత్రం నాకు తారసపడలేదు.

ఒక ఏడు ఆ సూత్రం కూడా చాలలేదు. రెండో చేను ముగిసేసరికి గాలి లేచి పదును మొత్తం లాగేసింది. మూడో వంతు నాయనది. మళ్ళీ వాన రాలేదు. ఆయన శెనక్కాయ గింజను తిరిగి సంచుల్లో పోసి, అదను పోయాక పడిన చినుకులకు ఆ చేలో ఉలవలు చల్లాడు. ఆ ఏడంతా అన్నదమ్ములకు మాటల్లేవు. మరుసటి ఏరువాక పున్నమినాడు గొర్రుకు పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టేటప్పుడు, పోయినేడు వంతు పోయినోడికి ఈయేడు మొదటి వంతని జేజి తన మాటకు కొత్త కొస కలిపింది. చిన్నాయనలిద్దరూ ఎదురు చెప్పలేదు.

వారసత్వమంటే ఏమిటో నాకు ఇక్కడ కొంత అర్థమవుతుంది. బంగారం పెట్టెలో దాగినా బంగారమే. భూమి బీడుపడినా పట్టా ఉంటుంది. గొర్రు అలా కాదు, అది ఇంకొకరి చేతికి వెళ్ళినప్పుడే నిలుస్తుంది. ఎవరూ అడగని గొర్రు చెదలు పడుతుంది. మా ముగ్గురిళ్ళను పాతికేళ్ళకు పైగా ఒకరి గడప ఒకరు తొక్కేలా చేసింది రక్తసంబంధమని చెప్పడం తేలిక. నాకు మాత్రం ఆ చూరుకింది కొయ్యే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది.

తరతరాల కొయ్యంటే దాని ప్రాచీనతను చాటుకోవడం ఒక అలవాటు. చెప్పుకోదగ్గ కథే ఉంది. 18వ శతాబ్దం చివర కెప్టెన్ హాల్కాట్ అనే ఆంగ్లేయుడు దక్షిణాదిలో గొర్రుతో విత్తడం చూసి నివ్వెరపోయాడు. ఈ పనిముట్టు యూరప్‌లో ఈమధ్య కనిపెట్టిందని అంతవరకూ అనుకున్నవాడు దాని గురించి లండన్ వ్యవసాయ మండలికి రాశాడు. ధరంపాల్ 1971లో అచ్చువేసిన సంకలనంతో ఆ ఉత్తరం మనకు మళ్ళీ తెలిసింది. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రం చేసింది 1701లో. మనది అంతకంటే పాతదన్న సంతోషం నాకూ కలుగుతుంది, కాదనను. అయితే ఎవరిది ముందన్న తగువుకంటే ఆ గొర్రు చుట్టూ ఎవరెవరికి ఏమి దక్కిందన్నది నన్ను ఎక్కువగా పట్టుకుంది.

వడ్లాయనకు దక్కింది మేర. పనికింతని కూలి లేదు, కల్లంలో రాశి అయ్యాక ఇన్ని చేటల గింజ. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో 1806లో రాసిన నివేదికలో ఊరికి పన్నెండుమంది ఆయగాళ్ళు కనిపిస్తారు, వడ్రంగి వాళ్ళలో ఒకడు. పంట పోతే మేర కూడా పోయేది. విరిగిన పన్ను మాత్రం అతను ఆ ఏడూ బిగించాల్సిందే. ధాత కరువు నాటినుంచీ మా ఊళ్ళో చెప్పుకునే కథల్లో రైతు వలస ఉంది, గొడ్లు చావడం ఉంది. గొర్రు చేసినవాడు ఆ ఏళ్ళలో ఏం తిన్నాడన్నది ఏ కథలోనూ లేదు.

ఇక గింజ వదిలిన చేయి. మేడి పట్టేది మగవాళ్ళు, జడ్డిగం దగ్గర నడిచేది మా వైపు ఎక్కువగా ఆడవాళ్ళు. ఒడిలో గింజ పోసుకుని, గుప్పిట పట్టి, వేళ్ళ సందునుంచి సన్నగా వదలాలి. ఎద్దు వేగం పెరిగితే వేళ్ళు పెరగాలి. గొర్రు రాయెక్కి ఎగిరితే చేయి ఆగాలి. ఒక రంధ్రంలో ఎక్కువ పడితే ఒక సాలు దట్టం, పక్కది బోడి. కొర్రలాంటి సన్నగింజకు ఇసుక కలిపి వదిలేవాళ్ళు. విత్తిన నాడు ఎవరికీ ఏమీ తెలియదు. మొలక వచ్చాక ఆ చేయి ఎలాంటిదో చేనంతా చెబుతుంది.

మా చేలల్లో మొదట జేజి వదిలింది. ఆమెకు నడుము వంగాక, ఊరవతలి దళితవాడ నుంచి వచ్చే ఒకామె వదిలేది. ఆమె వేసిన సాళ్ళను చూడ్డానికి పక్క ఊరివాళ్ళు గట్టుమీద నిలబడేవారు. ఆమెకు ఇచ్చింది పగటి కూలి, మధ్యాహ్నం సంగటి. భాగాల కాగితంలో మా మేనత్తల పేర్లే లేవు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మా పంపకం అంతకుముందే జరిగిపోయింది. మేనత్తలకే లేనిచోట కూలికి వచ్చిన మనిషిని తలచుకునేదెవరు? కానీ జడ్డిగం అంచున ఆ పల్లాన్ని తడిమినప్పుడు నాకు లెక్క వేరేగా తోస్తుంది. జేజి కంటే ఎక్కువ ఏళ్ళు అక్కడ ఆనింది ఆమె మణికట్టు. ఆ అరుగుదల మా వంశానిదని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

ట్రాక్టరు వచ్చింది, దాని వెనక ఇనుప గొర్రు వచ్చింది. దాన్ని తిట్టేవాళ్ళతో నేను కలవను. ఎద్దులు నాలుగు రోజులు తిరిగే చేనును అది ఒక పూటలో ముగిస్తుంది. పదును నాలుగు రోజులే నిలిచే నేల మీద ఇది చిన్న మేలు కాదు. ఎండలో గొర్రు వెంట మైళ్ళు నడిచిన ఆడవాళ్ళ కాళ్ళకు అది మేలే చేసింది. పోయింది వేరు. వంతు ఇప్పటికీ ఉంది, గంట బాడుగ ముందు చేతిలో పెట్టినవాడిది అది. గరుసునేల ముందన్న మాట ట్రాక్టరు డ్రైవరుకు చెప్పలేం, చెప్పినా అతని వాయిదాలు అతనికుంటాయి.

ఎద్దులు అమ్ముడుపోయాయి. నొగ పొయ్యిలోకి వెళ్ళింది. జడ్డిగం ఒక్కటే అటకెక్కింది. బెంగుళూరులో ఉన్న మా చిన్నాయన మనవడు దాన్ని అడిగాడు. వార్నిష్ వేయించి హాల్లో గోడకు పెడతానన్నాడు. ఆ పిల్లవాడికి జేజి మీద ఉన్న ప్రేమ నిజమైనదే, దాన్ని నేను చులకన చేయను. ఇలాంటి పాత కొయ్యకు నగరంలో మంచి ధర పలుకుతోంది కూడా. అయినా నాకు మనసొప్పలేదు. గోడకెక్కాక దాన్ని ఎవరూ అడగరు, అందరూ చూస్తారు. జేజి పేరుతో దాన్ని నిలబెట్టాలంటే దానికి ఇంకో పదును కావాలి.

అడిగినవాడు ఒకడున్నాడు. గింజ వదిలిన ఆమె మనవడు. వాళ్ళకు గుట్టకింద ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా ఉంది, అంతా గరుసే. ఇంకా ఒక జత ఎద్దులు కట్టుకుని ఉన్నాడు. ఆ వాలుకు ట్రాక్టరు బాడుగ గిట్టడం లేదన్నాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రను అడిగేవాళ్ళు పెరిగారని, గొర్రు మళ్ళీ కట్టుకుంటాను, జడ్డిగం ఇస్తారా అని ఫోను చేశాడు. బెంగుళూరు పిల్లవాడితో నేనే మాట్లాడాను. కాసేపు అలిగి, ఇవ్వమన్నాడు.

రంధ్రాల్లో ఒకటి అరిగి పెద్దదైంది, పక్కన సన్నగా పగులు. వడ్లాయన మనవడు ఇప్పుడు ధర్మవరంలో మగ్గాలకు కొయ్యపని చేస్తున్నాడు. అతనికి చూపించాను. తిప్పి తిప్పి చూసి, లోపల గోరుతో గీసి, చేవ చెక్కుచెదరలేదన్నాడు. అరిగిన రంధ్రంలో కొత్త కొయ్య బిగించి మళ్ళీ తొలుస్తానన్నాడు.

"ఏం ఇత్తేదుందిక్కా దీంతో? కొర్రకైతే సన్నంగా తొలచాల, శెనక్కాయకైతే పెద్దగా పెట్టాల. అది తెలీకుండా బరమా పెట్టలేను."

కొర్రకే అన్నాను. మృగశిరకు ముందే కావాలని, మొదటి వంతు గుట్టకింది గరుసుచేనుదని చెప్పి, దాన్ని అతని దగ్గరే వదిలి వచ్చాను.